నీళ్లు వదిలేవాణ్ణి చూడ్డానికి నానమ్మ ప్రయాణం

ఆ రోజుల్లో మా ఇంట్లో వారానికి ఏడు రోజులు ఉండేవి కావు, రెండే ఉండేవి. ఒకటి నీళ్లొచ్చే రోజు, రెండోది నీళ్లు రాని రోజు. సోమవారం, మంగళవారం లాంటివన్నీ బడులకీ బ్యాంకులకీ పనికొచ్చే మాటలు. పోర్ట్‌బ్లెయిర్‌లో (ఊరికి కొత్త పేరు పెట్టారు, నా నోటికి ఇంకా అలవాటు కాలేదు) బతు బస్తీలోని మా సందుకి వాటితో పెద్దగా పని లేదు. ఎవరింట్లోనైనా పెళ్లి ముహూర్తం పెట్టారని తెలిస్తే మా నానమ్మ తిథి, నక్షత్రం అడిగేది కాదు, "ఆ రోజు మనకి కుళాయి ఉందేటి?" అని అడిగేది. ఉందంటే ఇంట్లో సగం మందే పెళ్లికి వెళ్లేవాళ్లం. మా బాబాయి పెళ్లి సరిగ్గా నీళ్లరోజునే పడింది. నానమ్మ డ్రమ్ములన్నీ నింపి, మూతలు పెట్టి, పరుగున వచ్చి తలంబ్రాల వేళకి అందుకుంది. పెళ్లి ఫోటోల్లో అందరివీ పట్టుచీరలు, పెళ్లికొడుకు తల్లిది మాత్రం మోకాళ్ల దాకా తడిసిన పట్టుచీర. ఆ ఆల్బం చూసిన ప్రతి కొత్త చుట్టానికీ ఆ కథ మొదటినుంచీ చెప్పుకోవాల్సి వస్తుంది.

నానమ్మది శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు పల్లె. పెళ్లయిన కొత్తలో తాతయ్యతో ఓడెక్కి దీవులకొచ్చింది. వచ్చిన మర్నాటి నుంచీ బిందె పట్టుకుని నిలబడింది, ఇంక ఆ బిందె దించలేదు. మొదట వీధి కుళాయి, తర్వాత సందు కుళాయి, చివరికి మా గుమ్మంలో మా సొంత కుళాయి. సొంతమంటే పైపు మాది, నీళ్లు ఆ దేవుడివి. నీళ్లు రాబోయే ముందు పైపులో గాలి బుసకొట్టేది. ఆ చప్పుడు మా ఎవరి చెవులకీ ఆనేది కాదు. నానమ్మ మాత్రం ఎంత నిద్రలో ఉన్నా లేచి కూర్చుని "వొచ్చేత్తన్నాయి, లెగండి" అని ఇల్లంతా లేపేసేది. ఆవిడ జీవితంలో ఒక ముఖ్యమైన మనిషి ఉండేవాడు. ఆయన్ని ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ఎక్కడో ఆ వాల్వు తిప్పి మా సందుకి నీళ్లు వదిలే మనిషి. (వదలడాన్ని మా నానమ్మ ఒగ్గడం అంటుంది కాబట్టి ఆయన పేరు మా ఇంట్లో 'ఒగ్గేవోడు'.) నీళ్లు ఆలస్యమైతే "ఆడి సెయ్యి ఇరిగిపోను" అనేది, ధారగా వస్తే "సల్లగుండాల నాయన" అనేది. మా బాబాయి నవ్వేవాడు. "ఆ భాయీ ఎవరో పాపం, మా అమ్మ దీవెనలతో బతుకుతున్నాడో, తిట్లతో చస్తున్నాడో తెలీకుండా ఉన్నాడు" అనేవాడు.

నానమ్మకి ఒక్కర్తే చెల్లెలు. మేం చిన్ననానమ్మ అంటాం. పెళ్లి చేసుకుని డిగ్లీపూర్ దగ్గర పొలాల్లో స్థిరపడింది. దీవుల్లో మేం ఒక కొసన ఉంటే ఆవిడ ఇంకో కొసన. బస్సులో అయితే రోజంతా ప్రయాణం, మధ్యలో బండితో సహా ఫెర్రీ ఎక్కాలి. వెళ్లి, ఉండి, రావాలంటే ఎలా లెక్కేసినా మధ్యలో ఒక నీళ్లరోజు అడ్డొస్తుంది. అందుకని నానమ్మ వెళ్లేది కాదు. అక్కడి మనవల బారసాలలు, గృహప్రవేశం అన్నీ ఫోన్లోనే జరిగిపోయాయి. ఫోన్ పెట్టేశాక "సెల్లిని సూసి ఎన్నాళ్లయిందో" అని, మళ్లీ తనే "కుళాయి ఎవులు సూత్తారులే" అనుకుంటూ లేచిపోయేది. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. మనిషి కన్నా కుళాయి ఎక్కువా అని గొడవ పడేదాన్ని. (గొడవ పడ్డాక నానమ్మ నింపిన నీళ్లతోనే ఇంత సబ్బు రాసుకుని తలంటు పోసుకునేదాన్ని, అది వేరే విషయం.)

అప్పుడే నాకు మొదటి ఉద్యోగం వచ్చింది, టూరిస్టులకి ప్రయాణాలు కుదిర్చే ఒక చిన్న ఆఫీసులో. నా పని ఫోనెత్తడం, టికెట్లు తియ్యడం. నా ఊహలో మాత్రం అండమాన్ దీవులన్నీ నా చేతి మీదుగానే నడుస్తున్నాయి. పెద్ద డయలు వాచీ ఒకటి కొనుక్కున్నాను. ఇంట్లో "అన్నానికి రండి" అంటే వాచీ చూసి "ఒక పది నిమిషాల్లో డిపార్చర్" అనేదాన్ని. నానమ్మ నాకు 'మేనేజరమ్మ' అని పేరు పెట్టింది. అది వెక్కిరింపని నాకు చాలా కాలం తెలీలేదు.

ఒకరోజు మా ఆఫీసు డ్రైవరు భయ్యా చెప్పాడు, ఉత్తరాన ఒక చిన్న కరెంటు డ్యాం వానలకి నిండిందని, వచ్చే ఆదివారం పదింటికి గేట్లెత్తి నీళ్లు వదుల్తారని, చూడ్డానికి జనం వెళ్తారని. (డ్యాం పేరు చెప్పను. ఆ ఆఫీసరుగారు ఇంకా సర్వీసులోనే ఉన్నారు.) చిన్ననానమ్మ వాళ్ల ఊరికి అది దగ్గరే. సాయంత్రం ఇంటికెళ్లి నానమ్మ ముందు కూర్చున్నాను. ఆవిడ చేటలో బియ్యం చెరుగుతోంది.

"నానమ్మా, ఆదివారం చిన్ననానమ్మ వాళ్ల ఊరి దగ్గర డ్యాంలో నీళ్లు వదుల్తారట. వెళ్లి చూద్దామా?"

"నీళ్లొగ్గడం సూడ్డానికి అంత దూరం ఎల్తారేటి? మనకాడ రోజిడిసి రోజు సూత్తన్నాం కాదా."

"ఇది వేరే. ఆదివారం పదింటికి గేట్లెత్తుతామని ముందే చెప్పారు."

చేట ఆగింది. "ముందే సెప్పారా?"

"ఆఁ."

"టైం సెప్పి ఒగ్గుతారా?"

"టైం చెప్పే."

నానమ్మ చేట పక్కన పెట్టింది. ఇన్నేళ్లలో ఆవిడకి నీళ్లు ఏ వేళకొస్తాయో ముందే చెప్పినవాడు లేడు. గొంతు తగ్గించి అడిగింది, "ఒగ్గేవోడు కనబడతాడేటి?"

"కనబడకేం, ఎదురుగానే ఉంటాడు" అన్నాను. నేనా డ్యాం మొహం కూడా ఎరగను. కానీ అప్పట్లో తెలీదు అనే మాట నాకు తెలీదు.

"అలగైతే నాను వొత్తాను" అంది నానమ్మ. అవతల ఫ్యాను బాగుచేస్తున్న బాబాయి చేతిలోంచి స్క్రూడ్రైవరు జారి కింద పడింది. "అమ్మా, సోచ్ లే. మధ్యలో నీళ్లరోజుంది" అన్నాడు. నిజానికి అమ్మా నాన్నా ఆ నెల మెయిన్‌లాండ్ వెళ్లారు, పిన్ని పురిటికి పుట్టింటికెళ్లింది, ఇంట్లో కుళాయి దగ్గర నిలబడ్డానికి ఒక్క మనిషి ఉండడు. నానమ్మ ఆ సంగతంతా ఆలోచించేసినట్టే ఉంది. "పక్కింటి దీదీకి అప్పసెప్పి ఎల్దాం" అని, ఆ సాయంత్రమే పక్కింటి బెంగాలీ దీదీని పిలిచి ఛార్జీ అప్పగించింది. ఏ డ్రమ్ము ముందు, ఏది తర్వాత, ఏ పైపు ఎక్కడ చిల్లు, ఆ చిల్లుని బొటనవేలితో ఎలా నొక్కాలి, మొదట వచ్చే ఎర్రనీళ్లు మొక్కలకి, తర్వాతవి గిన్నెలకి. దీదీ తల ఊపుతూనే ఉంది. ట్రాన్స్‌ఫరైన కలెక్టరు కూడా ఇంత వివరంగా అప్పగించి ఉండడు.

శనివారం ఇంకా తెల్లారకుండానే బాబాయి హార్డ్‌వేర్ షాపు వ్యానులో బయల్దేరాం. బాబాయి డ్రైవరు, నేను ముందు సీట్లో గైడు, నానమ్మ వెనక. వెనకాల తలుపు తీసి చూస్తే రెండు ప్లాస్టిక్ బిందెలు, మూడు క్యాన్లు, ఒక మూత బకెట్టు ఖాళీగా బోర్లించి ఉన్నాయి. "ఇవెందుకు నానమ్మా? మనం టూర్‌కి వెళ్తున్నాం" అన్నాను. "దారిలో ఎక్కడైనా నీళ్లు కనబడితే?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. నా ప్రోగ్రాంలో బిందెలు లేవు. బాబాయి నన్ను పక్కకి లాగి "చుప్, బిందెలు రాకపోతే ఆవిడా రాదు" అన్నాడు.

దారంతా నేను టూరిస్టులకి చెప్పే మాటలన్నీ ఒప్పజెప్పాను. "మీకు ఎడమవైపు కనిపించేది సతత హరితారణ్యం" అంటే బాబాయి "గైడ్ మేడం, కుడివైపుదేమిటో కూడా చెప్పండి, నాకు రెండు పక్కలా చెట్లే కనిపిస్తున్నాయి" అన్నాడు. అడవి గేటు దగ్గర బళ్లన్నీ వరసగా ఆపి, ఒకేసారి పోలీసు బండి వెనక పంపిస్తారు. ఆ అడవి జరావా ఆదివాసులది, వాళ్లకి ఇబ్బంది కలగకూడదని లోపల ఎక్కడా బండి ఆపనివ్వరు, ఫోటో తియ్యనివ్వరు. సరిగ్గా ఆ మధ్యలోనే కొండమీంచి రోడ్డు పక్కకి ఒక ధార తెల్లగా దూకుతూ కనబడింది. వెనకనుంచి కేక, "ఒరే, ఆపరా! ఆపరా! నీళ్లు!"

"ఆపకూడదమ్మా, పోలీసులొప్పుకోరు!"

"ఓలమ్మో, ఎవులూ పట్టట్లేదురా! వట్టినే పోతన్నాయి!"

ముందు పోలీసు బండి, వెనక లారీ, మధ్యలో మా వ్యాను. నానమ్మ సీటు మీద వెనక్కి తిరిగి, అద్దానికి మొహం ఆనించి, ఆ ధార మలుపు తిరిగి మాయమయ్యేదాకా చూసింది.  ఫెర్రీ ఎక్కాక సిగ్నల్ దొరికితే పక్కింటికి ఫోన్ చేసి, "దీదీ, పైపులో గాలి ఆయా క్యా?" అని అడిగింది. ఆ రోజు అసలు నీళ్లరోజు కాదు. దీదీ ఏం చెప్పిందో గాని, నానమ్మ "అలగే సూత్తా ఉండు" అని పెట్టేసింది.

చిన్ననానమ్మ ఊరు చేరేసరికి పొద్దు వాలింది. గుమ్మంలో ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకుని కౌగిలించుకుంటారని, ఫోటో తీద్దామని ఫోను పట్టుకుని నిలబడ్డాను. చిన్ననానమ్మ నడుం మీద చేతులేసుకుని "ఏటప్పా, నీ కుళాయి సెలవిచ్చిందేటి?" అంది. నానమ్మ "నీకేమే, పెరట్లో నుయ్యి పెట్టుకుని మాట్లాడతావు" అంది. ఇద్దరూ అలా తిట్టుకుంటూనే ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకున్నారు, తర్వాత తిట్లు ఆగిపోయాయి, చేతులు ఆగలేదు, భుజాలూ చెంపలూ తడుముకుంటూనే ఉన్నారు. నేను ఫోటో తియ్యలేదు. ఎందుకో కళ్లకి నీళ్లు అడ్డం పడ్డాయి.

ఆదివారం పొద్దున్న చిన్ననానమ్మ కూడా మాతో వ్యానెక్కింది. అంత దగ్గర్లో ఉండి కూడా ఆవిడ ఆ డ్యాం ఎప్పుడూ చూడలేదట. "నీళ్లు సూడ్డానికి ఎల్లడమేటి, మాకు మడుల్నిండా నీళ్లే" అంది. డ్యాం దగ్గర రోడ్డు ఎత్తుగా ఉంటుంది. కిందికి దిగకుండా ఇనప రెయిలింగు కట్టారు. దాని వెనక నిలబడి చూడాలి. మేం తొమ్మిదింటికే వెళ్లాం, అప్పటికే చాలామంది చేరారు, సగం మంది పోర్ట్‌బ్లెయిర్ వైపు నుంచి వచ్చినవాళ్లే. నానమ్మ కళ్లు చిట్లించి ఆ రెయిలింగునీ, ఎండనీ, జనాన్నీ ఒకసారి చూసి వెంటనే సంగతి అర్థం చేసుకుంది. వ్యానులోంచి రెండు బిందెలూ బకెట్టూ తెచ్చి రెయిలింగు పక్కన ముందు వరసలో పెట్టింది. "మన సోటు ఇది. ఇంక నీడలో కూకుందాం రండి" అంది.

మా సందులో నీళ్ల లైనుకి ఇదే పద్ధతి. మనిషి నిలబడక్కర్లేదు, మనిషి బిందె నిలబడితే చాలు. బిందె ఉన్నచోట మనిషి ఉన్నట్టే, దాన్ని జరిపితే యుద్ధమే. పోర్ట్‌బ్లెయిర్ నుంచి వచ్చినవాళ్లకి ఈ భాష చెప్పక్కర్లేదు. ఒకావిడ మా బిందెల్ని చూసి, మాటా పలుకూ లేకుండా తన వ్యాను దగ్గరికెళ్లి ఒక క్యాను తెచ్చి మా బకెట్టు పక్కన పెట్టేసి నీడకొచ్చింది. ఆ తర్వాత ఒకాయన ఖాళీ నీళ్ల సీసా పెట్టాడు. ఒకరు టిఫిను క్యారియరు, ఒకరు హెల్మెట్టు. (హెల్మెట్టు చెల్లదని నానమ్మ వాదించింది, తర్వాత పోనీలే అంది.) అరగంటలో రెయిలింగు పొడుగునా ఖాళీ గిన్నెల వరస తయారైంది, మనిషన్నవాడు ఒక్కడు లేడు. నానమ్మ మాత్రం నడుమ నడుమ లేచి వెళ్లి, మధ్యలో దూర్చిన క్యానుల్ని వెనక్కి తోసి, "లైన్ హై, లైన్! ఆగే నై!" అని అందర్నీ సర్దుతూ ఉంది. ఆవిడ హిందీ అంటే తెలుగు మాట మాట్లాడి చివర 'హై' తగిలించడమే. దీవుల్లో అది అందరికీ అర్థమవుతుంది.

సరిగ్గా అప్పుడు ఆఫీసరుగారి జీపు వచ్చింది. కొత్తగా మెయిన్‌లాండ్ నుంచి వచ్చినాయన. దిగి, గేట్ల వైపు నాలుగడుగులు వేసి, రెయిలింగు చూసి ఆగిపోయాడు. మీరే ఆలోచించండి. డ్యాం గేట్లెత్తే రోజు. దానికి ఎదురుగా ఖాళీ బిందెలూ, క్యాన్లూ వరసగా నిలబెట్టి ఉన్నాయి. వెనక చెట్ల కింద జనం గంభీరంగా కూర్చుని తననే చూస్తున్నారు. మన దేశంలో ఏ ఆఫీసరైనా దానికి ఒక్కటే అర్థం చెప్పుకుంటాడు. ఖాళీ బిందెల ధర్నా. ఆయన అలాగే వెనక్కి నడిచి జీపులో కూర్చుని తలుపేసుకున్నాడు. ఫోన్లు మొదలయ్యాయి. నా వాచీలో పదయింది. సైరన్ మోగలేదు. పదీ పావయింది. నేను లేచి అటూ ఇటూ తిరగడం మొదలెట్టాను, అది నా మొదటి ప్రోగ్రాం మరి. నానమ్మ మటుకు బేఫికరుగా కూర్చుంది. నీళ్లు ఆలస్యమవడం ఆవిడకి కొత్తా?

కాసేపటికి ఒక హోంగార్డు వచ్చాడు. "ధర్నా చేసేవాళ్లు కిందికి దిగితే ప్రమాదం, సమస్య తేలేదాకా గేట్లెత్తరు, మీ లీడర్ కౌన్ హై?" అన్నాడు. జనం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. తర్వాత, ఎవరూ చెప్పకుండానే, అందరి వేళ్లూ నానమ్మ వైపు తిరిగాయి. పొద్దుటి నుంచీ లైను నడిపింది ఆవిడే కదా!

 రోజంతా ప్రయాణం చేయించి తీసుకొచ్చాను, నీళ్లు చూడకుండా వెనక్కెళ్తే నానమ్మ మళ్లీ ఈ జన్మలో గుమ్మం దాటదు. నా మాట ఇంకెప్పుడూ నమ్మదు. నేనే సర్దుతానని జీపు దగ్గరికి పరిగెత్తాను. మా ఆఫీసులో నేర్చుకున్న మర్యాద హిందీలో, "సార్, ఇది ధర్నా కాదు, ఇది కేవలం క్యూ" అన్నాను.

"క్యూ? ఎందుకు క్యూ?"

"నీళ్ల కోసం సార్."

ఆయన మొహం ఇంకా పాలిపోయింది. హోంగార్డు తల పట్టుకున్నాడు. బాబాయి వెనకనుంచి నా చెయ్యి లాగి, "నువ్వు ఇంకొక్క మాట మాట్లాడితే పోలీసు ఫోర్సు పిలుస్తాడు, నోరు మూసుకోవే" అన్నాడు.

ఈలోగా నానమ్మే వచ్చేసింది, పక్కన చెల్లెలు, కొంగు నడుముకి బిగించుకుని. ఆఫీసరు దిగి, కుర్చీ వేయించి, టీ తెప్పించి, ఎంతో మర్యాదగా అడిగాడు. "అమ్మాజీ, ఆప్‌కీ మాంగ్ క్యా హై?"

మీ డిమాండు ఏమిటి! నీళ్ల సంగతిలో మా నానమ్మని ఈ మాట అడిగిన ఆఫీసరు అంతవరకూ పుట్టలేదు. ఆవిడ కుర్చీలో సర్దుకు కూర్చుంది. టీ ఒక గుక్క తాగింది. ఇంక చూడండి, ఇన్నేళ్లదీ ఒక్కసారి బయటికొచ్చింది. ధార సన్నగా రావడం, మొదటి బకెట్టు ఎర్రగా ఉండడం, వీధి చివరి ఇంటివాళ్లు మోటారు పెట్టి లాగేసుకోవడం, ఎప్పుడొస్తాయో ఎవులూ సెప్పకపోడం, కొడుకు పెళ్లిలో చీర తడవడం. ఆఫీసరు "జీ, జీ" అంటున్నాడు. ఆయనకి ఎంత అర్థమైందో తెలీదు. బాబాయి చెవిలో ఊదాడు, "అమ్మా, ఇది కరెంటు డ్యాం. మన కుళాయికీ ఈయనకీ సంబంధం లేదు."

నానమ్మ ఆగింది. గ్లాసు కింద పెట్టింది. "అలగా? అయితే నీ సేతిలో ఉన్నదే అడుగుతాను బాబూ. పదింటికి ఒగ్గుతామన్నావు. పది దాటిపోనాది. టైం సెప్పి ఒగ్గుతారంటే, నా కుళాయినొగ్గేసి వొచ్చాను. ఒగ్గు." నేను హిందీలోకి మార్చేలోపే ఆయనకి అర్థమైపోయినట్టుంది. వాచీ చూసుకున్నాడు. మెడ దాకా ఎర్రబడ్డాడు. "ఔర్ కుఛ్?" అని అడిగాడు.

"ఒగ్గేవోణ్ణి సూడాల."

"ఎవర్ని?"

"గేటు ఎత్తేవోణ్ణి. ఆదమీ. దేఖ్‌నా హై."

ఆఫీసరు ముందు తెల్లబోయాడు. తర్వాత బాబాయి నాలుగు ముక్కల్లో చెప్పేసరికి నవ్వడం మొదలెట్టాడు, నవ్వీ నవ్వీ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. బిందెలు ధర్నా కావనీ, చోటు పట్టుకోడం అనీ అప్పుడు తెలిసింది ఆయనకి. "ఆయియే అమ్మాజీ" అని తనే ముందు నడిచాడు. గేట్ల పక్కన చిన్న గది. నానమ్మ గుమ్మంలో ఆగింది. నేను ఆవిడ వెనకే ఉన్నాను. ఆవిడ చెయ్యి నా మణికట్టు పట్టుకుంది. తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయో, పెట్టిన దీవెనలు గుర్తొచ్చాయో!

లోపల ఒక బల్ల, దాని మీద బటన్ల పెట్టె. పక్కన ఒక మనిషి నిలబడి ఉన్నాడు. సగం నెరిసిన జుట్టు, అరిగిన చెప్పులు. పొద్దున్నించీ 'ఇప్పుడు నొక్కు', 'వద్దు ఆగు' అని ఫోన్లోనే తిప్పలు పెట్టినట్టున్నారు, చెమటలు కారుతున్నాయి. బల్ల మీద ఆయన టిఫిను డబ్బా మూత తియ్యకుండా అలాగే ఉంది. జనాన్ని చూసి కంగారుగా నమస్కారం పెట్టాడు.

నానమ్మ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. ఆ డబ్బా చూసింది. నోరు తెరిచింది. 

"ఖానా ఖాయా?" అంది.

ఆ మనిషి డబ్బా పక్కకి జరిపాడు. "గేటు ఎత్తాక తింటాను అమ్మా" అన్నాడు హిందీలో.

"పహలే ఖానా. తిను నాయనా. మేం ఆగుతాం."

ఆఫీసరుగారు గాభరాపడి, "అమ్మాజీ, టైం..." అన్నాడు. నానమ్మ ఆయన వైపు తిరిగింది. "నీ టైం ఇందాకే అయిపోనాది. ఆకలి మీద పని సేయించకూడదు. ఆదమీ భూకా హై" అంది. ఇందాక టైం టైం అని ఆఫీసరుని నిలదీసిన మనిషి ఈవిడేనా అనిపించి, నేను నెత్తి కొట్టుకున్నాను. నా వాచీ పదిన్నర దాటేసింది. బయట జనం అరుస్తున్నారు. అయినా ఆయన డబ్బా మూత తీశాడు. రొట్టె, ఆలూ కూర. నానమ్మ గుమ్మంలోనే చతికిలబడి, ఆయన తింటుంటే చూస్తూ కూర్చుంది. "మెల్లగా తిను" అంటోంది. "మీ పిల్లలెందరు, ఇల్లెక్కడ, మీ ఇంటికి నీళ్లొత్తాయా?" అని అడిగింది. మూడు రోజులకోసారి వస్తాయని చెప్పాడాయన. నానమ్మ "ఓర్నాయనో, నీకూ అంతేనా!" అని పెద్దగా నవ్వేసింది. చిన్ననానమ్మ వెళ్లి బయట జనానికి కబురు చెప్పింది, "ఆగండే, ఒగ్గేవోడు బువ్వ తింటన్నాడు." అరుపులు ఆగిపోయాయి. అందరూ బుద్ధిగా కూర్చున్నారు.

ఆయన చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, నానమ్మ వైపు చూసి తలూపాడు. సైరన్ మోగింది. మేం రెయిలింగు దగ్గరికి పరిగెత్తాం. మొదట సన్నగా ఒక బురదధార, నాకేమీ అనిపించలేదు. ఆ తర్వాత నీళ్లు వచ్చాయి. ఎలా చెప్పను? గేటు కిందనుంచి తెల్లగా, మొత్తం లోయంతా ఒకేసారి, భూమి వణికేలా, చెవులు దిమ్మెక్కేలా. తుంపర మా మొహాల మీదికి వచ్చేసింది. జనం ఈలలేశారు, బిందెల్లో సగం దొర్లిపోయాయి, టిఫిను క్యారియరు ఆయన తన క్యారియరు వెనక పరిగెత్తాడు. నేను నీళ్లు చూడ్డం ఆపి నానమ్మని చూశాను. ఆవిడ కుడిచెయ్యి నడుం మీదికి వెళ్లింది, బిందె ఉండే చోటికి. అక్కడ ఏమీ లేదు. ఆ చెయ్యి అలా గాల్లో కాస్త తడుముకుని ఆగిపోయింది. నానమ్మ చెల్లెలి వైపు తిరిగి, ఆ హోరులో గొంతు చించుకుని అరిచింది.

"పట్టక్కర్లేదే సెల్లీ! వట్టినే సూడొచ్చే!"

ఇద్దరూ చిన్నపిల్లల్లా ఎగిరారు. చెంపల మీదుగా కారుతున్నది తుంపరో కన్నీళ్లో నాకు తెలీదు. నాకైతే ఏడుపే వచ్చింది, ఆ సంతోషానికి. జీవితమంతా నీళ్లని కొలిచి, మోసి, దాచిన మనిషి. మొదటిసారి ఉత్తి చేతులతో నిలబడి ఊరికే చూస్తోంది. ఆ గదిలోంచి ఆయన కిటికీ తెరిచి చెయ్యి ఊపాడు. నానమ్మ రెండు చేతులూ ఊపింది.

ఇంటికి తిరిగొచ్చేసరికి మధ్యలో నీళ్లరోజు ఒకటి గడిచిపోయింది. దీదీ చిల్లు దగ్గర బొటనవేలు నొక్కి నొక్కి వాచేలా చేసుకుని, అన్ని డ్రమ్ములూ నింపింది. ఆ తర్వాతి నీళ్లరోజు కుళాయి చాలాసేపు రాలేదు. బాబాయి తిట్టు కోసం ఎదురుచూస్తూ నానమ్మ మొహంలోకి చూశాడు. నానమ్మ గుమ్మంలో తాపీగా కూర్చుని "తింటన్నాడేమోరా" అంది. ఆ తర్వాత ఇంకెప్పుడూ ఆ మనిషిని తిట్టలేదు. చెల్లెలింటికి మాత్రం ఏడాదికోసారి వెళ్లడం మొదలెట్టింది, కుళాయి కుళాయి దారిన పోనీ అని.

నేనిప్పుడు సొంతంగా చిన్న టూర్ ఆఫీసు నడుపుతున్నాను. వాచీ ఇంకా పెద్దదే. బయల్దేరే వేళకి డ్రైవరు కనబడకపోతే వ్యాను తలుపు దగ్గర నిలబడి అటూ ఇటూ తిరిగే ఆ పిల్ల నాలో ఇంకా ఉంది, మాటిమాటికీ పళ్లు కొరుకుతూ. డ్రైవరు తింటున్నాడని కబురొస్తే మాత్రం దాన్ని చెయ్యి పట్టుకుని కూర్చోబెడతాను. టూరిస్టులు గొణుగుతారు, ఏమిటి మేడం లేటు అంటారు. నేను నవ్వి ఊరుకుంటాను. ఆగుదాం అంటాను. వాళ్లకి కోపం వస్తే రానీ, ఆకలి మీద ఉన్న మనిషి చేత బండి తోలించను గాక తోలించను.